ఉప్పుగాలి ఊళ్లో బండికి ఇంటి వైద్యం

వానాకాలంలో మీ వంటింట్లో ఉప్పు జాడీ మూత తీసి చూడండి. అడుగున నీరు చేరి ఉంటుంది. ఎవరూ నీళ్లు పోయలేదు, జాడీకి చిల్లూ పడలేదు. గాలిలో ఉన్న తేమని ఉప్పే లాక్కుంది. అందుకే మన పెద్దవాళ్లు ఉప్పుని ఇనప డబ్బాలో పోయనిచ్చేవారు కాదు. జాడీలోనో, కుండలోనో పోయించేవారు.

ఇప్పుడు వీధి అరుగు పక్కన నిలబెట్టిన మీ ఇంటి బండి సంగతి ఆలోచించండి. అంతర్వేది లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లో అది రాత్రీ పగలూ ఉప్పుగాలిలోనే ఉంటుంది. అంటే, మనం జాగ్రత్తగా జాడీలో దాచుకునే ఉప్పుని ఇనప వస్తువు మీద రోజూ చల్లుతున్నట్టే! మరి తుప్పు పట్టదూ?

"బండి గోల మగవాళ్లది, మనకెందుకులెండి" అనుకోకండి. పిల్లల్ని బడి దగ్గర దింపాలన్నా, చేపల తట్ట సంతకి చేరాలన్నా, కొబ్బరికాయలు దింపు నుంచి ఇంటికి రావాలన్నా ఆ బండే కదా ఆధారం! దాని మీద వెనక కూర్చునేదీ, ఈ రోజుల్లో చాలా ఇళ్లలో నడిపేదీ కూడా మనమే. బ్రేకు పడకపోతే దెబ్బ తగిలేదీ మనకే. వారానికి ఒక్క గంట కేటాయిస్తే ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఆ బండిని ఎలా కాపాడుకోవచ్చో, దానికి ఏ అమరికలు మంచివో, ఏవి ప్రాణం మీదకు తెస్తాయో ఈ వారం చెప్పుకుందాం.

అసలైన దారి లేని దారి బండి

పట్టణాల్లో కుర్రకారు రోడ్డు లేని చోట నడపడానికని పెద్ద పెద్ద జీపులు కొని, లక్షలు పోసి టైర్లూ, ఇనప కమ్మీలూ బిగించుకుంటూ ఉంటారు. మన సఖినేటిపల్లి మండలంలో ఆ పని చిన్న మోపెడ్డే చేసేస్తోంది! తారు రోడ్డు దిగితే కాలువ గట్టు, అది దాటితే కొబ్బరితోట, ఆ తరువాత రొయ్యల చెరువు గట్టు, ఆ పైన పల్లిపాలెం వైపు మెత్తని ఇసుక. నరసాపురం వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో పంటి ఎక్కి వశిష్ఠ గోదావరి దాటాలి. ఇన్ని రకాల నేలల మీద ఇంత బరువు మోసే బండి ఇంకోటి ఉందా చెప్పండి!

మన దేశంలో మోపెడ్ కథ 1972లో లూనాతో ఊపందుకుంది. 1980లో తమిళనాడులోని హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. ఇద్దరు కూర్చునేలా చేసిన మొదటి మోపెడ్ అదే. అందుకే కోనసీమలో నేటికీ చాలామంది ఏ మోపెడ్‌నైనా "టీవీఎస్ బండి" అనే పిలుస్తారు. 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100కి ఫోర్ స్ట్రోక్ ఇంజను పెట్టారు. అంటే పెట్రోల్లో ఆయిలు కలిపే పని తప్పింది. కానీ ఇంజన్లో వేరే ఆయిలు ఉంటుంది, దాన్ని చూసుకునే పని మీద పడింది. మీ ఇంట్లో ఏ రకం బండి ఉందో ముందు తెలుసుకోండి. పాత టూ స్ట్రోక్ బండికి పెట్రోల్లో ఆయిలు కలపడం మరిచినా, కొత్త బండిలో ఇంజన్ ఆయిలు అడుగంటినా, రెండింటికీ ఫలితం ఒకటే. లోపల పిస్టను పట్టేస్తుంది, వేల రూపాయలు వదులుతాయి.

కడగడంలోనే సగం వైద్యం

ఇనుము తుప్పు పట్టాలంటే గాలి, తేమ రెండూ కావాలి. ఉప్పు ఉంటే ఆ తేమ ఆరదు, తుప్పు వేగం పెరుగుతుంది. కాబట్టి ఉప్పుని వదిలించడమే మొదటి మందు. దానికి మంచినీళ్లని మించింది లేదు.

"మా ఇంట్లో బోరుంది, రోజూ కడుగుతూనే ఉన్నాం. అయినా తుప్పే!" అంటారా? ఆ బోరు నీళ్లు ఒకసారి నోట్లో పోసుకుని చూడండి. తీరాన చాలా బోర్లలో ఉప్పునీళ్లే పడతాయి. ఆ నీళ్లతో కడిగిన స్టీలు గిన్నె ఆరాక తెల్లటి మరకలు పడతాయి కదా! బండి మీద కూడా అదే తెల్ల మరక మిగిలిపోతుంది. బురద వదలడానికి బోరు నీళ్లు వాడినా, ఆఖరి బకెట్టు మాత్రం కుళాయి నీళ్లో, వాన నీళ్లో పోయండి. వానాకాలంలో చూరు కింద గంగాళం పెట్టి పట్టుకున్న నీళ్లు దీనికి చాలా మంచివి.

ఇంజను, సైలెన్సరు చల్లారాకే నీళ్లు పోయాలి. పైన ట్యాంకు తళతళలాడించి ఊరుకుంటే లాభం లేదు. తుప్పు ఎప్పుడూ కింద నుంచి మొదలవుతుంది. మడ్‌గార్డు లోపలి వైపు, స్టాండు స్ప్రింగు, సైలెన్సరు అడుగు, స్పోకులు రిమ్ములో దూరే చోటు, క్యారియరు కింద అతుకులు... వీటి దగ్గర ఇసుక గూడు కట్టి ఉంటుంది. పాత టూత్‌బ్రష్షుతో, పుల్లతో తీసేసి నీళ్లు పోయండి. ప్లగ్గు మీద, స్విచ్చుల మీద, గాలి పీల్చే ఫిల్టరు మూతి మీద మాత్రం ధారగా పోయకండి.

షాంపూ ప్యాకెట్టు ఒకటి బకెట్టు నీళ్లలో కలిపితే చాలు. బట్టల పౌడరు వాడితే రంగు వెలిసిపోతుంది. అంట్లు తోమే బూడిద, కొబ్బరిపీచు అసలు వద్దు. వాటితో రుద్దితే రంగు మీద సన్నని గీతలు పడతాయి. రేపు ఆ గీతల్లోనే ఉప్పు కూర్చుంటుంది.

కడిగిన తరువాత పాత పంచె గుడ్డతో ఒత్తి తుడవండి. ఆపైన మన వీధిలోనే నెమ్మదిగా నడుపుతూ నాలుగైదు సార్లు బ్రేకు నొక్కండి. తడిసిన బ్రేకు సరిగ్గా పట్టదు. ఇలా నొక్కితే ఆ వేడికి తడి ఆరిపోతుంది. పంటి దిగాకా, నీళ్లలోంచి బండిని దాటించాకా కూడా ఇలాగే చేయాలి.

ఇంకొక్క మాట. తడి బండి మీద ప్లాస్టిక్ పరదా బిగించి కప్పకండి. లోపల చెమట పట్టి రెట్టింపు తుప్పు పడుతుంది. కుట్టు మిషను ఉన్నవారు మందపాటి గుడ్డతో ముసుగు కుట్టి, కింద జానెడు ఖాళీ ఉంచండి. గాలి ఆడుతుంది.

కొబ్బరినూనె తలకి, చైనుకి కాదు

కోనసీమలో ఏది కిర్రుమన్నా మన చెయ్యి కొబ్బరినూనె సీసా మీదకే పోతుంది. తలుపు బందుకి సరే. బండి చైనుకి మాత్రం పనికిరాదు. పల్చగా ఉండటం వల్ల చైను తిరిగే వేగానికి చిమ్మి పోతుంది. మిగిలినది జిగురుగా మారి ఇసుకని పట్టుకుంటుంది. నూనె, ఇసుక కలిస్తే ఏమవుతుంది? సన్నికల్లు మీద పొత్రంతో నూరినట్టు చైను, పళ్లచక్రం రెండూ అరిగిపోతాయి.

సరైన పద్ధతి ఇది. ఇంజను ఆపి, తాళంచెవి తీసి మీ కొంగుకి ముడి వేసుకోండి. ఈ జాగ్రత్త తమాషాకి చెప్పడం లేదు. ఇంజను తిరుగుతుండగా చైను తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. సెంటరు స్టాండు వేసి, వెనక చక్రాన్ని చేత్తోనే తిప్పుతూ, డీజిల్లో ముంచిన బ్రష్షుతో చైను తోమండి. గుడ్డతో పొడిగా తుడవండి. తరువాత 90 నంబరు గేరు ఆయిలు లోపలి వైపు చుక్క చుక్కగా వేసి, పది నిమిషాలాగి పైన మిగిలినది తుడిచేయండి. చైను పైకి జిడ్డుగా మెరుస్తోందంటే ఆయిలు ఎక్కువైనట్టే. ఇసుక అంటుకుంటుంది. ఆయిలు చుక్క బ్రేకు మీద, టైరు మీద పడకుండా చూసుకోండి.

చైను మరీ వేలాడితే దారిలో ఊడుతుంది. మరీ బిగిస్తే తెగుతుంది. ఎంత వదులుండాలో బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని పాత పేపర్లతో కలిపి అమ్మేయకండి!

వంటింటి వస్తువులతో చిన్న రిపేర్లు

*చెంచా పరీక్ష:* స్టీలు చెంచాతో చక్రం స్పోకుల్ని ఒక్కొక్కటిగా మెల్లగా కొట్టండి. బిగువుగా ఉన్నది టింగుమంటుంది. వదులైనది "టప్పు"మని మొద్దుగా పలుకుతుంది. ఇత్తడి బిందె సొట్ట చూసి బేరమాడే చెవి మనది, ఇది ఇట్టే పట్టేస్తాం! మొద్దుగా పలికినవి రెండు మూడు ఉంటే బరువు వేయకుండా మెకానిక్కు దగ్గరకు పంపండి. బిగించడం అతని పనే. చక్రం వంకర తిరగకుండా అన్నిటినీ సమానంగా బిగించాలి.

*వంటసోడా:* బ్యాటరీ మొనల మీద తెల్లగా, పచ్చగా పొడి పూస్తే బండి స్టార్టవదు, దీపం మిణుకు మిణుకుమంటుంది. ముందు నల్ల తీగ, తరువాత ఎర్ర తీగ విప్పండి. గ్లాసుడు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి, బ్రష్షుతో ఆ మొనల్ని తోమి, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బిగించేటప్పుడు ముందు ఎర్రది, తరువాత నల్లది. పైన కాస్త వ్యాసలీను రాస్తే ఉప్పుగాలి తగలదు. ఆ పొడి ఒంటికి తగిలితే మంట, కాబట్టి చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి.

*అల్యూమినియం రేకు:* చపాతీలు చుట్టే రేకు ముక్కని ఉండ చేసి, నీళ్లలో ముంచి, హ్యాండిలు మీదా రిమ్ము మీదా ఉన్న గోధుమరంగు చుక్కల మీద రుద్దండి. మెరుగుకి దెబ్బ తగలకుండా తుప్పు పోతుంది. తుడిచి చుక్క నూనె రాయండి.

*చింతపండు వద్దు:* ఇత్తడి చెంబుకి చింతపండు మంచిదే. ఇనుము మీద ఆ పులుపు కొంచెం మిగిలినా మర్నాటికి మళ్లీ తుప్పే. నిమ్మచెక్కా అంతే.

*ఉప్పుకాగితం:* రంగు లేచి తుప్పు కనబడ్డ చోట ఉప్పుకాగితంతో తెల్లటి ఇనుము తేలేదాకా రుద్దండి. దుమ్ము తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ పూత వేయండి. ఆరాక పైన రంగు వేయండి. తుప్పు మీదే రంగు వేస్తే, తడిగోడకి సున్నం వేసినట్టు పదిరోజుల్లో పొరలూడుతుంది.

*ప్లగ్గు:* ఇంజను చల్లగా ఉన్నప్పుడు పానాతో ప్లగ్గు విప్పి మొన చూడండి. లేత గోధుమరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా, తడిగా ఉంటే ఆయిలో, పెట్రోలో సరిగ్గా మండటం లేదన్నమాట. గుడ్డతో తుడిచి, బ్రష్షుతో మెల్లగా తోమి పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పండి. మర వంకరగా ఎక్కితే ఇంజను తలకాయే మార్చవలసి వస్తుంది.

*ఫిల్టరు:* ఇసుక దారిలో తిరిగే బండికి ఇది ముక్కులాంటిది. స్పాంజి రకమైతే సబ్బునీళ్లలో పిండి, పూర్తిగా ఆరబెట్టి, పుస్తకంలో చెప్పినట్టు ఆయిలు పట్టించి పెట్టండి. కాగితపు రకాన్ని తడపకూడదు. మెల్లగా దులపండి, నల్లబడితే మార్చండి.

*పెట్రోలు మూత:* 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ తేమని పీలుస్తుంది. మూత రబ్బరు పగిలిపోతే మార్చండి. బండిని నెలల తరబడి ఖాళీ ట్యాంకుతో వదిలేయకండి. పాత బండైతే పెట్రోలు పైపు మెత్తబడిందా, చిట్లిందా అని నొక్కి చూడండి.

ఈ పనులన్నీ పెరట్లో, గాలి ఆడే చోట చేయాలి. గ్యాసు పొయ్యి, దీపారాధన దగ్గర్లో వద్దు. తోమడానికి పెట్రోలు వాడనే వద్దు. సీసాలో పెట్రోలు పోసి మంచం కింద దాచే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి.

ఏ అమరిక మంచిది? ఏది ముప్పు?

బండికి అదనంగా ఏదో ఒకటి బిగించందే మనవాళ్లకి తోచదు. అందులో మంచివీ ఉన్నాయి.

చేపలమ్మే ఇళ్లలో గమనించారా? క్యారియరు, వెనక మడ్‌గార్డు మిగతా భాగాలకన్నా ముందే చిల్లులు పడతాయి. కారణం చేపల మీది ఐసు కరిగి కారే ఉప్పునీరు. అది బ్రేకు మీదా, టైరు మీదా పడితే తుప్పుతో పాటు జారుడు కూడా! ప్లాస్టిక్ పెట్టె అడుగున అంచులు లేచిన ట్రే ఒకటి పెట్టి, దాని మూలకి చిన్న పైపు అమర్చి, ఆ నీళ్లు డబ్బాలో పడేలా కట్టండి. వంద రూపాయలకు అటూ ఇటూగా అయ్యే పని. బండి ఆయుష్షు పెరుగుతుంది.

మడ్‌గార్డు చివర పాత ట్యూబు ముక్కని నాలుగు వేళ్ల వెడల్పున కోసి బోల్టుతో బిగిస్తే బురద చైను మీదకు చిమ్మదు. బోల్టుకి ముందుగా గ్రీజు రాయండి. రేపు విప్పేటప్పుడు తిట్టుకోకుండా విప్పవచ్చు. బరువు కట్టడానికి కూడా పాత ట్యూబు పట్టీలు బాగుంటాయి. కట్టాక కొసలు చక్రంలోకి వేలాడకుండా లోపలికి దోపాలి.

ఇక ముప్పు తెచ్చేవి. క్యాను తగిలించడానికి అడ్డమని చీర గార్డు పీకించేస్తారు కొందరు. ఇంతకన్నా ప్రమాదమైన పని లేదు! వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా, వెనక చక్రంలో కనీసం సగం కప్పేలా ఈ రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నియమం చెబుతోంది. పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆధారం కూడా ఉండాలని ఆ నియమమే చెబుతోంది. చీర చెంగో, చున్నీయో చక్రంలో చుట్టుకుంటే కళ్లు మూసి తెరిచేలోగా మనిషిని కిందకి లాగేస్తుంది. చున్నీ అయితే మెడకే బిగుసుకుంటుంది. గార్డు ఉన్నా సరే, ఎక్కగానే చెంగు నడుముకి దోపుకోండి. చున్నీ రెండు కొసలూ ముందుకి ముడేసుకోండి. ఆ తరువాతే "పోనివ్వండి" అనండి.

రెండు పక్కలా హ్యాండిలు కన్నా వెడల్పుగా ఇనప చట్రాలు వెల్డింగు చేయించడం కూడా మంచిది కాదు. గట్టు మీద ఎదురొచ్చే మనిషికి తగులుతాయి. పైగా బరువంతా వెనక్కి పోతే ముందు చక్రం తేలిపోయి హ్యాండిలు మాట వినదు. బరువు కిందికీ, ముందుకీ ఉండేలా సర్దండి. మొత్తం ఎంత మోయవచ్చో పుస్తకంలో కిలోల్లో రాసి ఉంటుంది. సైలెన్సరు కోయించడం, పెద్ద టైర్లు వేయించడం, ఉన్న తీగల్ని కోసి అదనపు లైట్లు కలపడం... ఇవేవీ వద్దు. తీగలు కాలి బండే తగలబడే ప్రమాదం ఉంది.

చట్టం సంగతీ చూడండి. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, తయారు చేసినవారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అలా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గర పేచీ రావచ్చు. దివ్యాంగుల కోసం పక్క చక్రాల్లాంటివి అమర్చుకోవాలంటే మాత్రం రవాణా శాఖ అనుమతితో చేయించుకునే దారి ఉంది.

మన చేలల్లో దమ్ముకి ట్రాక్టరు చక్రాల స్థానంలో ఇనప చక్రాలు వేస్తారు కదా! బురదలో అవే సరైనవి. కానీ ఆ చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది, ట్రాక్టరూ పాడవుతుంది. అందుకే పని అయ్యాక మళ్లీ రబ్బరు చక్రాలు వేస్తారు. బండికి చేసే ఏ మార్పుకైనా ఈ ఇంగితమే కొలత. అమర్చినది అవసరం తీరాక విప్పగలిగేలా ఉండాలి. బండితో వచ్చిన బ్రేకుకీ, గార్డుకీ, దీపానికీ అడ్డు రాకూడదు.

ఇసుకలో దిగబడితే

మాఘమాసంలో భీష్మ ఏకాదశి కల్యాణోత్సవాలకీ, పున్నమి స్నానానికీ అంతర్వేదికి చుట్టాలు కార్లలో వస్తారు. సముద్రం చూడగానే హుషారుగా కారుని ఇసుకలోకి దింపేస్తారు. చక్రం కూరుకుంటుంది. అప్పుడు ఇంజను రేసు చేసిన కొద్దీ చక్రం తన గోతిని తానే తవ్వుకుంటుంది.

ముందు పిల్లల్ని, సామాన్లని దింపేయండి. చక్రాల ముందు ఇసుకని చేతులతో తోడి, వాలుగా దారి చేయండి. కొబ్బరి మట్టలో, తడిపిన గోనెసంచులో చక్రం కిందికి నెట్టి, మెల్లగా కదిలించమనండి. చక్రం వెనుక ఎవరూ నిలబడకూడదు. మట్ట ఎగిరి కొడుతుంది. అలవాటున్న జీపువాళ్లు ఇసుకలో టైర్ల గాలి కొంత తగ్గిస్తారు. టైరు వెడల్పుగా పరుచుకుని, బరువు ఎక్కువ చోట పడి, కూరుకోదు. ఒంటె పాదంలాగా అన్నమాట! రోడ్డెక్కగానే మళ్లీ గాలి నింపాలి. మోపెడ్‌కి మాత్రం ఈ చిట్కా వద్దు. గాలి తక్కువైతే టైరు రిమ్ము మీద జారి లోపలి ట్యూబు మూతి తెగిపోతుంది. దిగి తోసుకుపోవడమే మేలు.

అన్నిటికన్నా ముఖ్యం, గడియారం చూడండి. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటలే. పున్నమికీ, అమావాస్యకీ పోటు ఎక్కువగా ఉంటుంది. పున్నమి నాడు పొద్దున ఎండిన ఇసుక కదా అని ఆపిన బండి దగ్గరకి కాసేపటికి కెరటం వచ్చేయవచ్చు. అలలు చక్రాల్ని తాకుతుంటే బండి ఆశ వదిలి మనుషులు పైకి వచ్చేయండి. ట్రాక్టరుని పిలిపించండి.

వరద వచ్చిందంటే

1996 నవంబరు 6 తుపానుని కోనసీమ మరిచిపోలేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు లంక గ్రామాలు మునిగాయి. ఇళ్లలోంచి మనుషులు తరలినా బండ్లు నీళ్లలో ఉండిపోయాయి.

హెచ్చరిక వినగానే, పిల్లలూ ముసలివాళ్లూ పశువులూ క్షేమం అనుకున్న తరువాత, బండిని ఎత్తు అరుగు మీదకో గట్టు మీదకో చేర్చి, తాడుతో కట్టి, బ్యాటరీ విప్పి ఇంట్లో పైన పెట్టండి. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి మీ వెంట ఉంచుకోండి.

నీట మునిగిన బండిని బయటికి తీశాక "స్టార్టవుతుందో లేదో చూద్దాం" అని ఎవరు ముందుకొచ్చినా ఆపండి! ఇంజన్లోకి నీరు చేరి ఉంటే ఆ ఒక్క కిక్కుతోనే లోపలి రాడ్డు వంగిపోవచ్చు. మంచినీళ్లతో బురద కడగండి. ఆయిలు పుల్ల తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనబడితే లోపలికి నీరు పోయినట్టే. తోసుకుంటూ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయిలు, పెట్రోలు పూర్తిగా మార్చి, ప్లగ్గు విప్పి నీరు వెళ్లగొట్టాకే కిక్కు కొట్టాలి.

ఇవి మెకానిక్కుకే వదలండి

బ్రేకు షూలు మార్చడం, కొత్త బండ్లలో పెట్రోలు చిమ్మే ఎలక్ట్రానిక్ పరికరం, ముందు ఫోర్కు, ఏ రకం వెల్డింగైనా ఇంట్లో చేసే పనులు కావు. బ్రేకు తీగలో ఒక్క పోగు తెగినట్టు కనబడినా, "ఇంకో వారం నడుస్తుందిలే" అనకండి. తీగ పైకి బాగానే ఉన్నా తొడుగు లోపల ఉప్పు తినేసి ఉంటుంది. బ్రేకు నొక్కితే గట్టిగా పడుతూ, వదిలితే బద్ధకంగా వెనక్కి వస్తోందంటే అదే గుర్తు. కొత్త తీగ ఖర్చు తక్కువ. ఆసుపత్రి ఖర్చు మీకు తెలియనిది కాదు.

మీ గోడ మీద అంటించుకోండి

రోజూ: బ్రేకు, హారను, టైరు గాలి ఒక చూపు. చెంగు, చున్నీ దోపుకోవడం.
ఇసుకలోకి వెళ్లి వచ్చిన రోజు: చల్లారాక అడుగు భాగాన మంచినీళ్లు. తుడవడం.
వారానికి: చైను, ఆయిలు మట్టం, బోల్టులు, చెంచా పరీక్ష.
నెలకి: బ్యాటరీ మొనలు, ఫిల్టరు, ప్లగ్గు, బ్రేకు తీగలు.
వానలకు ముందు: తుప్పు గీకి పూత, మడ్‌గార్డు పట్టీ, పెట్రోలు మూత రబ్బరు.

కావలసిన సామాను కూడా పెద్దగా లేదు. పాత టూత్‌బ్రష్షులు రెండు, గుడ్డపీలికలు, వంటసోడా, వ్యాసలీను, చిన్న సీసాలో గేరు ఆయిలు, ఉప్పుకాగితం, బండితో ఇచ్చిన పానాలు. ఇవన్నీ పిల్లలకి అందకుండా పాత బిస్కెట్ల డబ్బాలో పెట్టి, పైన "బండి" అని రాయండి. ఆ డబ్బా కూడా తుప్పు పట్టకుండా ప్లాస్టిక్‌ది ఎంచుకుంటే మరీ మంచిది!

ఈ ఆదివారం కాఫీలయ్యాక మీ వారినీ, పిల్లల్నీ కూడా పెరట్లోకి పిలవండి. ఒకరు నీళ్లు పోస్తే ఒకరు తుడుస్తారు. మీరు మాత్రం చెంచా పుచ్చుకుని చక్రం దగ్గర కూర్చోండి. ఎన్ని స్పోకులు టింగుమన్నాయో, ఎన్ని మూలిగాయో లెక్కపెట్టండి. మూలిగినవి దొరికితే సోమవారం పొద్దున బడికి బయల్దేరకముందే ఆ పని చూడమనండి.